వాలు ఎటు తిరిగి ఉందో రాయకుండా ఎత్తు ఒక్కటే రాస్తే ఏం లాభం?

వేసవి ఫీల్డ్ విజిట్‌లో కొండ మీద ప్రతి వంద మీటర్ల ఎత్తుకీ ఆగి, అక్కడి చెట్ల పేర్లు రాసుకుని ఫొటో తీస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ఎత్తు పక్కనే వాలు ఏ దిక్కుకి తిరిగి ఉందో రాయకపోతే ఆ పట్టిక తర్వాత ఎవరికీ పనికిరాదు. దీని గురించి చాలామందితో వాదించాను, ఇంకా వాదిస్తాను.

ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ హిమాలయాల్లో ఒక జూన్‌లో మా బృందం సన్నటి రిడ్జ్ (కొండ వెన్ను) మీద ఆగింది. ఎత్తు సుమారు 3,200 మీటర్లు. దక్షిణం వైపు ఎండకి పసుపెక్కిన గడ్డి, అక్కడక్కడా ఖర్సు ఓక్ చెట్లు. పశువుల మేత కోసం కొమ్మలు నరికీ నరికీ అవి మోడుల్లా అయిపోయాయి. కొత్త ఆకులన్నీ మానుకి అంటుకునే గుబురుగా వచ్చాయి. నాలుగడుగులు వేసి ఉత్తరం వైపుకి దిగితే నీడలో మంచు ఇంకా కరగలేదు. అక్కడంతా భూర్జ (బిర్చ్) చెట్లు, వాటి కింద లేత ఊదారంగు పూలతో పొట్టి రోడోడెండ్రాన్ పొదలు. భూర్జ మానులు మొదట్లో పల్లం వైపు వంగి, ఆ తర్వాత పైకి లేచాయి. చలికాలమంతా మంచు మెల్లగా కిందికి జారుతూ లేత మొక్కల్ని తోసేస్తుంది కాబట్టి అవి అలా పెరుగుతాయి.

బృందాన్ని నడిపించే ఆయన రెండు వైపుల్నీ కలిపి ‘3,200 మీటర్లు, ఓక్-భూర్జ మిశ్రమ అడవి’ అని ఒక్క వరుసలో రాసేయమన్నారు. అలాంటి అడవి అక్కడ ఎక్కడుంది? పట్టుబట్టి రెండు వరుసలు రాయించాను.

వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. నిజమే. 1802లో ఈక్వడార్‌లోని చింబొరాజో కొండ ఎక్కిన జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్, 1807లో అచ్చయిన తన చిత్రంలో ఆ కొండ మీదే ఎత్తు వారీగా మొక్కల పేర్లు రాశాడు. గొప్ప పని. కానీ చింబొరాజో దాదాపు భూమధ్యరేఖ మీదే ఉంది. సూర్యుడు ఏడాదిలో సగం అటు, సగం ఇటు ఉంటాడు కాబట్టి అక్కడ ఉత్తరం, దక్షిణం తేడా పెద్దగా తెలియదు. హిమాలయాల్లో దక్షిణపు వాలుకే ఎండ ఎక్కువ. మంచు ముందే కరిగిపోతుంది, నేల ముందే ఆరిపోతుంది.

ఇంకోటి, ఫోన్ చూపించే ఎత్తుని గుడ్డిగా నమ్మకండి. జీపీఎస్‌లో అడ్డంగా వచ్చే తప్పు కన్నా నిలువుగా వచ్చే తప్పే ఎక్కువ. గాలి పీడనంతో పనిచేసే ఆల్టీమీటర్ అయితే, మబ్బు పట్టి పీడనం పడిపోగానే మీరు కూర్చున్న చోటే పదుల మీటర్లు పైకి ఎక్కేసినట్టు చూపిస్తుంది. ఎత్తు కచ్చితంగా తెలిసిన చోట పొద్దున్నే సరిచేసుకోండి.

చెట్లు ఆగిపోయిన చోట వెంటనే ‘వృక్షరేఖ’ (చలి వల్ల అంతకంటే పైన చెట్లు పెరగలేని హద్దు) అని రాసేయొద్దు. చుట్టూ నరికిన మోడులు, పశువుల బాటలు, కాలిన గుర్తులు ఉన్నాయేమో చూడండి. చాలాచోట్ల చెట్లని కిందికి నెట్టింది చలి కాదు, మేత. గడ్డిలో ఓక్ మొలకలు కనిపిస్తే అదీ రాయండి.

పట్టికలో పైనున్న పచ్చిక మైదానాల పక్కన, ఏ నెలలో చూశారో తప్పకుండా రాయండి. అక్కడి మొక్కల్లో చాలావరకు జూలై, ఆగస్టు వానల్లోనే పూస్తాయి. మే నెలలో చూసి ‘ఉత్త గడ్డి’ అని రాసిన పట్టికలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.