బుడ్డోడితో రోబో చెయ్యి బిగించేముందు

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన కిట్ ఫోటో చూశా. నాలుగు నీలం సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగి ఆగే బుల్లి మోటార్లు), అవి ఎస్‌జీ90 రకమే, వాటిని నడిపించే ఆర్డునో ఊనో బోర్డు, యాక్రిలిక్ ముక్కలు, తొమ్మిదేళ్ళోడికి ఇంకేం కావాలి. కానీ ఆదివారం పొద్దున మొదలెట్టి సాయంత్రానికల్లా ఆడించేద్దామని మాత్రం కూర్చోకు, అలా కూర్చుంటే చివరికి స్క్రూడ్రైవర్ నీ చేతిలో ఉంటది, వాడు టీవీ ముందు ఉంటాడు.

మొదటిరోజు యాక్రిలిక్ మీద కాగితం ఒలిచే పని వాడికిచ్చెయ్. మొండిగా అతుక్కుంటే తడిగుడ్డ కప్పి కాసేపు ఆగండి, ఊడొస్తది. స్క్రూలు పాత పోపుల డబ్బా గిన్నెల్లో సైజులవారీగా వేయించు, 6 మిల్లీమీటర్లు, 8, 10 అని వాడే స్కేలుతో కొలుచుకుంటాడు. చంటిది పాకుతోంది కదా, పని అవ్వగానే డబ్బా మూతపెట్టి అటక మీద పెట్టెయ్.

ఇక అసలు సంగతి. ఒక్క ముక్క కూడా బిగించకముందే ప్రతి సర్వోని బోర్డుకి కలిపి 90 డిగ్రీలకి తెచ్చి పెట్టాలి, ఆ తర్వాతే దానిమీద తెల్ల హార్న్, అదే ఇరుసుకి తగిలించే ప్లాస్టిక్ రెక్క, నొక్కాలి. ఇది ఫ్యాన్ మోటార్ లాగా గిరగిరా తిరిగేది కాదమ్మా, 0 నుంచి 180 దాకానే వెళ్తది, ఏ మూలన ఆగి ఉందో చూడకుండా బిగించేశామనుకో, మోచెయ్యి వంగాల్సినప్పుడు పోయి బేస్‌కి గుద్దుకుని అక్కడే జుయ్‌మని మూలుగుద్ది, వేడెక్కుద్ది, లోపలి ప్లాస్టిక్ పళ్ళు అరిగిపోతాయి, ఇంక మొత్తం విప్పుకోవడమే. హార్న్ కూర్చునే చోట కూడా సన్న పళ్ళుంటాయి, ఒక్క పన్ను జరిగితే 15 డిగ్రీల పైనే తేడా, అందుకని కచ్చితంగా నిటారుగా రాకపోతే కంగారుపడకు, ఆ కాస్తా కోడ్‌లో, అంటే బోర్డుకి రాసిచ్చే ప్రోగ్రామ్‌లో, సర్దుకోవచ్చు. చేత్తో మాత్రం తిప్పనివ్వకు, పిల్లలకి అదే సరదా.

కీళ్ళ దగ్గర స్క్రూ బిగించి పావు చుట్టు వెనక్కి వదలమను. వాడు బలం చూపిస్తే యాక్రిలిక్ పటుక్కున పగులుద్ది.

తర్వాతి గొడవ కరెంటు. లాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి ఊనోకి 500 మిల్లీ ఆంపియర్లే, ఒక్క సర్వో బిగుసుకుంటేనే అంతకంటే ఎక్కువ లాగుద్ది, నాలుగూ ఒకేసారి కదిలితే చెయ్యి వణుకుద్ది, బోర్డు ఆరి మళ్ళీ వెలుగుద్ది, మనమేమో కోడ్‌లో తప్పుందని దాంట్లో వెతుక్కుంటూ కూర్చుంటాం. 5 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ తెచ్చుకో, కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుద్ది. సర్వోల ఎర్రవైర్లు దాని ప్లస్‌కి, గోధుమరంగువి మైనస్‌కి, ఆ మైనస్ నుంచి ఇంకో వైరు ఊనో గ్రౌండ్‌కి (జీఎన్‌డీ అని రాసున్న చోటికి), ఇది మర్చిపోతే ఏదీ మాట వినదు. నారింజవి సిగ్నల్. 9 వోల్టుల బ్యాటరీ అంటగడితే వద్దను, దానికి అంత కరెంటు ఇచ్చే సత్తా లేదు.

అంతా అయ్యాక వాడు మామిడిపండు ఎత్తమంటాడు, ఎత్తదు. ఆ సర్వో బలం 1.8 కిలోలు, అది ఇరుసుకి 1 సెంటీమీటర్ దూరంలో. 20 సెంటీమీటర్లు పోతే 90 గ్రాములే, అందులో చెయ్యి సొంత బరువే బోలెడు తినేస్తది. ఊరికే చెప్తే ఎక్కదు, లీటరు నీళ్ళ సీసా వాడి చేతికిచ్చి ముందు గుండెలకి ఆనించి పట్టుకోమను, తర్వాత చెయ్యి ముందుకి చాచమను, వాడికే తెలుస్తది. ఎరేజరో థర్మోకోల్ ముక్కో పెట్టి ఎత్తించండి.

కోడ్‌కి ఆర్డునో సాఫ్ట్‌వేర్‌లోనే స్వీప్ అనే రెడీమేడ్ ఎగ్జాంపుల్ ఉంది, సర్వోని అటూ ఇటూ తిప్పుద్ది, డిగ్రీకోసారి 15 మిల్లీసెకన్లు ఆగుద్ది. ఆ 15ని వాడే మార్చుకుంటాడు, 1 పెడతాడు, 200 పెడతాడు, పెట్టనీ, అడిగితేనే నోరు తెరువు.

అడాప్టర్ దొరక్కపోతే ఫోన్ చెయ్, నాదగ్గర ఒకటి ఖాళీగా పడుంది, శనివారం తమ్ముడు వస్తున్నాడు, వాడితో పంపిస్తా.

పెదనాన్న