నేల కింద కోట కట్టే ముందు

చిత్తూరు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు తయారుచేస్తున్న ఆట కోసం గీసి పంపిన డంజన్ పటాన్ని, అదే ఆటగాళ్లు దిగి తిరిగే నేల కింది కోట పటాన్ని, తీరిగ్గా చూశాను. గదుల అమరిక ముచ్చటగా ఉంది. కానీ దాన్ని ఎవరు తవ్వారో, ఎందుకు తవ్వారో నాకు ఎక్కడా కనిపించలేదు. గనుల్లో సర్వేయరుగా పనిచేసినవాణ్ణి కాబట్టి నా కన్ను ముందు అక్కడికే పోతుంది. రాతిలో ఒక్క అడుగు తొలవడానికి ఎంత శ్రమో తెలిసినవాడు అక్కరలేని గది ఒక్కటీ తవ్వడు. దాక్కోవడానికా, నీటికా, లోహానికా, చనిపోయినవారికా, దేవుడికా? ముందు అది తేల్చుకో. సగం గదులు వాటి చోటు అవే వెతుక్కుంటాయి.

దాక్కోవడానికైతే తుర్కియేలోని డెరింకుయు గురించి చదువు. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడిన మెత్తని రాతిలో సుమారు 85 మీటర్ల లోతు వరకు తొలిచిన నగరం అది. 1963లో ఒకాయన ఇల్లు బాగు చేయించుకుంటూ గోడ కొట్టిస్తే దాని వెనుక బయటపడింది. నడవాలు ఎంత ఇరుకంటే, లోపలికి చొరబడే శత్రువులు వంగి, ఒకరి వెనుక ఒకరు రావలసిందే. దారికి అడ్డంగా దొర్లించే గుండ్రని రాతి తలుపులు లోపలివాళ్ల చేతిలోనే ఉంటాయి. నువ్వేమో రాతి తలుపుకు బయటివైపున మీటలు పెట్టావు. ప్రాణాలు కాపాడుకునేవాడు తాళం శత్రువు చేతికి అందేలా పెడతాడా? ఆ మీటలు తీసెయ్యి. ఆటగాడు బావిలోంచో గాలిబిలంలోంచో దారి వెతుక్కోవాలి.

గాలి గురించి కాస్త ఎక్కువే చెబుతాను. కాగితం మీద గదులు గీసేటప్పుడు అందరూ మరిచిపోయేది దాన్నే. గనిలో గాలి ఒక షాఫ్టులో, అంటే పైనుంచి తవ్విన నిలువు దారిలో, దిగి, పని జరిగే చోట్లన్నీ తిరిగి, మరో షాఫ్టులో పైకి పోవాలి. మధ్యలో అడ్డదారి పట్టకుండా తలుపులు పెడతాం. అలాంటి తలుపు ఒక్కటి తెరిచి వదిలేస్తే గాలి దగ్గరి దారిన వెనక్కి పోతుంది. చివరన పనిచేసేవాళ్లకు ఊపిరి ఆడదు. ఇంతకంటే మంచి చిక్కు నీకు ఎక్కడ దొరుకుతుంది? ఆటగాడు ఇక్కడ తలుపు తెరిస్తే, దూరంగా ఉన్న తన స్నేహితుడి చేతిలో దివిటీ కొడిగట్టాలి. మంట ఏ వైపు వాలుతోందో చూసి గాలి నడకను పోల్చుకోవడం అతను నేర్చుకోవాలి. రాక్షసుణ్ణి పెట్టకపోయినా ఆ అంతస్తులో భయం ఉంటుంది.

లోతుకు పోయేకొద్దీ రాయి వేడెక్కుతుంది. మన పొరుగునున్న కోలార్ బంగారు గనుల్లో 3 కిలోమీటర్లు దాటి దిగారు. అక్కడ రాతి ఒత్తిడికి గోడలు ఉన్నట్టుండి పేలిపోయేవి. ఆ గనులూ, మన కుప్పం వైపున్న చిగురుగుంట గనీ 2001లో మూతపడ్డాయి. పంపులు ఆగిన గనిలో నీరు అడుగు నుంచి మెల్లగా ఎక్కుతుంది. కాబట్టి పాడుపడిన నీ కోటలో అన్నింటికంటే కింది అంతస్తు ముందు మునిగి ఉండాలి. తవ్వి తీసినదంతా ఏమైందో కూడా ఆలోచించు. కోలార్‌లో ఆ గుట్టలు దూరం నుంచే కనిపిస్తాయి. నీ కోట బయట అలాంటి గుట్ట ఒకటి ఉంటే, తెలివైన ఆటగాడు లోపల ఎంత తవ్వారో దిగకముందే అంచనా కడతాడు.

ఇవన్నీ పైనుంచి చూసే పటంలో తేలవు. కొండను నిలువునా కోసినట్టు పక్కనుంచి కూడా గీయి. గాలి బాణాలు, నీటిమట్టం అందులో వేస్తే తప్పులు వాటంతటవే బయటపడతాయి.

నేల కింద ఉన్నదంతా తవ్వినదే అనుకోకు. ఏర్పేడు దగ్గర గుడిమల్లంలో పరశురామేశ్వరుడి గర్భగుడి ముందున్న మండపం కంటే దిగువన ఉంటుంది. ఆ లింగం క్రీస్తుపూర్వపు నాటిదని ఎక్కువమంది పండితుల మాట. 1973లో మొదలైన పురావస్తు తవ్వకాల్లో ఇప్పటి గుడి కంటే పాతదైన ఇటుక కట్టడం ఆనవాళ్లు దొరికాయి. అంటే ఒక కాలం మీద ఇంకో కాలం కట్టుకుంటూ వచ్చింది. నీ గోడలన్నీ ఒకే రాయితో, ఒకే పనితనంతో ఉన్నాయి, అది మార్చు. ఇస్తాంబుల్‌లో 532 ప్రాంతంలో కట్టిన భూగర్భ జలాశయంలో 336 స్తంభాలుంటే, వాటిలో చాలావరకు పాత కట్టడాల నుంచి తెచ్చినవే. రెండింటి కింద మెడూసా (గ్రీకు పురాణాల్లో పాములే జుట్టుగా ఉన్న స్త్రీ) తల శిల్పాలను దిమ్మలుగా వాడారు, ఒకటి తలకిందులుగా, ఒకటి పక్కకు తిప్పి.

శ్రీకాళహస్తిలో పాతాళ గణపతి దగ్గరికి కూడా దిగిరా. ఇరుకు మెట్ల మీద మనిషి నడక ఎలా మారుతుందో నీకే తెలుస్తుంది. అయితే అది పూజలందుకునే చోటు. ఆ ఇరుకును తెచ్చుకో, ఆ గుడిని తెచ్చి రాక్షసుడి గుహ చేయకు.

ఒక్క విషయం గట్టిగా అడుగుతున్నాను. గోడ పగలగొడితే నాణేలు రాలే ఏర్పాటు తీసెయ్యి. గుప్త నిధుల పిచ్చితో మన సీమలో పాత గుళ్లను, కోటలను ఎలా కుళ్లగిస్తున్నారో పేపర్లలో చూస్తూనే ఉన్నావు. అవి చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. నీ ఆటలో గోడ పగిలితే పైకప్పు కూలాలి, నిజంగా జరిగేదీ అదే. శాసనాన్ని ఓపికగా చదివినవాడికి, గోడ మీది ఉలి గుర్తులు పోల్చుకున్నవాడికి దారి దొరకాలి.

గుడిమల్లానికి ఉదయాన్నే వెళ్లు. నోటుపుస్తకం తీసుకెళ్లు, ఫోటోలు అడిగి తీసుకో. ముందు మండపంలో కాసేపు కూర్చుని, తరువాత లోపలికి దిగు.

ఇట్లు,
మీ పెదనాన్న