వేలాడే వంతెన దాటబోయే అల్లుడికి

అల్లుడూ,

జూన్‌లో అమ్మా నాన్నా జర్మనీలో నీ దగ్గరికి, కీల్‌కి వస్తున్నారనీ, వాళ్లకి ఏం చూపించాలో చెప్పమనీ అడిగావు. మ్యూజియంలూ చర్చిలూ నువ్వే వెతుక్కోగలవు. నేను మాత్రం ఒక్కటే చెప్తాను. వాళ్లని రెండ్స్‌బుర్గ్ ఊరికి తీసుకెళ్లి ట్రాన్స్‌పోర్టర్ బ్రిడ్జి మీద, ఓడలు పోయే కీల్ కాలువ దాటించు. స్పెయిన్ వెళ్లడానికి డబ్బూ సెలవూ కుదిరితే బిల్బావో దగ్గరున్నది కూడా దాటించు. ఓడల్లో పనిచేసినన్నాళ్లూ ఇలాంటి వంతెనల కిందనుంచి వెళ్లాను, ఒడ్డుకి దిగినప్పుడల్లా ఎక్కి దాటాను. అందుకే ఈ విషయంలో నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది.

ముందు అదేమిటో అమ్మకి అర్థమయ్యేలా చెప్పాలి కదా. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద మోటార్‌సైకిళ్లూ కార్లతో సహా గోదారి దాటడం అక్కకి బాగా తెలుసు. ఇదీ అలాంటిదే, కానీ నీటిని తాకదు. ఏటికి రెండు ఒడ్డులా ఎత్తైన టవర్లు, వాటి మధ్య పైన ఒక ఇనుప దూలం, ఆ దూలం మీద పట్టాలు. పట్టాల మీద చక్రాల ట్రాలీ నడుస్తుంది. ట్రాలీ నుంచి ఉక్కు తాళ్లు కిందికి దిగి, నీటికి కాస్త పైన ఒక వేదికను మోస్తాయి. దాన్ని గొండోలా అంటారు. మనుషులూ సైకిళ్లూ కార్లూ దాని మీదకి ఎక్కుతారు, గేటు పడుతుంది, నిమిషంన్నర రెండు నిమిషాల్లో అవతలి ఒడ్డు చేరతారు. రోడ్డు ముక్క ఒకటి కోసి తాళ్లతో వేలాడదీసి, అటూ ఇటూ తిప్పుతున్నారని చెప్పు, చాలు.

ఇంత తంటా ఎందుకు, మామూలు వంతెన కట్టేయొచ్చు కదా అని బావగారు తప్పకుండా అడుగుతారు. దీనికి జవాబు ఓడ మీద నిలబడ్డవాడికి బాగా తెలుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పెద్ద రేవు ఊళ్లన్నిటికీ ఇదే సమస్య. ఓడల తెరచాప కొయ్యలు ఎత్తు, ఒడ్డులేమో పల్లం. ఓడ పట్టేంత ఎత్తులో వంతెన కట్టాలంటే, బళ్లు అంత ఎత్తు ఎక్కడానికి రెండు పక్కలా మైళ్ల కొద్దీ ఏటవాలు దారి పోయాలి, దానికోసం సగం ఊరు కూల్చాలి. తెరుచుకునే వంతెన కడితే ఓడ వచ్చిన ప్రతిసారీ రోడ్డు ఆగిపోతుంది. పడవలు నడుపుదామంటే నీరు తగ్గే పాటు సమయంలో బురదలో కూరుకుపోతాయి. వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం చాలా తేడా ఉంటుంది, అక్కడి ఉక్కు కార్మికులకి అదే పెద్ద బాధ. అందుకే 1906లో అక్కడ ఈ రకం వంతెన లేచింది. ఎత్తు ఎక్కాల్సిన బాధ దూలానికీ ట్రాలీకీ వదిలేసి, మనుషుల్ని మాత్రం రోడ్డు మట్టంలోనే దాటించడం ఇందులోని తెలివి. మొదటిసారి ఇది బోధపడిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు రెండ్స్‌బుర్గ్ సంగతి, కొంచెం వివరంగా.

కీల్ నుంచి రైల్లోనే వెళ్లండి, కారు అద్దెకి తీసుకోవద్దు. ఎందుకంటే రైలు వెళ్లేది ఆ వంతెన మీదుగానే. అక్కడ కట్టడం ఒకటే, పనులు రెండు. పైన రైలు, కింద వేలాడే గొండోలా. 1913లో పూర్తయింది. కింద ఓడలకి 42 మీటర్ల ఎత్తు వదిలి, ఆపైన రైలు పోతుంది. అంత ఎత్తు నుంచి పక్కనే ఉన్న స్టేషన్‌కి నేరుగా దిగడం కుదరదు కాబట్టి, పట్టాలు ఊరి ఇళ్ల చుట్టూ పెద్ద చుట్టు తిరిగి నెమ్మదిగా కిందికి వస్తాయి. అక్కని కిటికీ పక్కన కూర్చోబెట్టు. కాలువ వచ్చేముందే చెప్పు, లేకపోతే తను సంచిలోంచి జంతికలు తీసేలోపు దాటిపోతుంది. స్టేషన్‌లో దిగాక గొండోలా దగ్గరికి నడిచి వెళ్లొచ్చు, కానీ అక్క మోకాళ్లు గుర్తుపెట్టుకుని బస్సో టాక్సీయో చూడు.

అక్కడికి చేరగానే ఎక్కేయొద్దు. ఇది నా మొదటి సలహా, అందరికీ ఇదే చెప్తాను. ఒడ్డున నిలబడి ఒక విడత పూర్తిగా చూడండి. గొండోలా అవతల్నుంచి బయల్దేరడం, పైన ట్రాలీ దాంతోపాటు కదలడం, ఈ ఒడ్డుకి ఎలా ఆనుకుంటుందో, గేటు ఎప్పుడు తీస్తారో, అన్నీ చూడనివ్వు. ఎత్తంటే, ఊగడమంటే భయపడేవాళ్లకి ఇది చాలా అవసరం. అక్కకి ఉయ్యాల బల్ల అంటేనే కళ్లు తిరుగుతాయని తెలుసు కదా. వేలాడుతుందంటే ఊగుతుందనే అనుకుంటుంది. ఒకసారి కళ్లారా చూస్తే, అది ఉయ్యాలలా ఊగదని తనకే తెలుస్తుంది. ఎక్కాక మధ్యలో నిలబెట్టు, పట్టుకోవడానికి ఏదైనా ఉండేలా చూడు. చూపు నీటి మీద కాకుండా ఎదురు ఒడ్డు మీద పెట్టమను. తిరుగు ప్రయాణంలో తనే అంచుకి వస్తుంది, నువ్వు చెప్పక్కర్లేదు.

రెండో సలహా ఫోన్ గురించి. వెళ్లేటప్పుడు జేబులో పెట్టు, వచ్చేటప్పుడు తియ్యి. అంతా కలిపి నిమిషంన్నర. ఆ కాసేపూ స్క్రీన్‌లోంచి చూస్తే దాటినట్టే ఉండదు. తలెత్తి పైకి చూడు, చక్రాలు పట్టాల మీద ఎలా దొర్లుతున్నాయో, తాళ్లు ఎలా బిగుసుకుని ఉన్నాయో. చెవి పెట్టి విను. నీటి మీద పోతున్నా పడవ శబ్దం గానీ అల తాకిడి గానీ ఉండదు, కాళ్ల కింద అలజడీ ఉండదు. ఇన్నేళ్లు ఓడల్లో తిరిగిన నాకు అదే వింతగా ఉండేది.

డబ్బులు అక్కర్లేదు, కీల్ కాలువ దాటడం జనానికి ఉచితం. 1895లో కాలువ తవ్వి ఊళ్లని రెండుగా చీల్చినందుకు, దాటించే బాధ్యత ప్రభుత్వమే తీసుకుంది. చాలా మంచి పద్ధతి అని నా అభిప్రాయం. దారి మధ్యలో గండి కొట్టినవాడే దాటడానికి ఏర్పాటు చెయ్యాలి, అదీ ఉచితంగా.

ఓడ వస్తుంటే గొండోలా ఆగుతుంది. కాలువలో ఎప్పుడూ ఓడదే ముందు. టెన్షన్ పడకుండా ఆగండి, ఆ ఆలస్యమే మీ అదృష్టం. అంత దగ్గర్లో, అంత నెమ్మదిగా ఒక పెద్ద ఓడ పోవడం చూడ్డానికి వేరే చోటు దొరకదు. ఆ ఒడ్డునే ఓడలకి స్వాగతం చెప్పే చోటు ఒకటుంది. వెళ్లే ఓడది ఏ దేశమైతే ఆ దేశం జెండా చూసి, జాతీయగీతం వినిపించేవాళ్లు. నెలల తరబడి సముద్రం మీద ఉన్నవాళ్లకి అది ఎలా ఉంటుందో రాసి చెప్పడం కష్టం. డెక్ మీద ఉన్న ప్రతివాడూ చెయ్యి ఊపేవాడు. మీరూ ఊపండి, పైనుంచి తప్పకుండా జవాబు వస్తుంది.

ఇంకో విషయం, ఇంటర్నెట్‌లో ఎలాగూ కనిపిస్తుంది కాబట్టి ముందే చెప్తున్నా. 2016 జనవరిలో ఒక సరుకు ఓడ ఆ గొండోలాని గుద్దింది. ఇద్దరికి దెబ్బలు తగిలాయి. పాతది బాగుచెయ్యడానికి వీల్లేక కొత్తది తయారు చేయించారు, 2022లో మళ్లీ మొదలైంది. ఆరేళ్లపాటు జనం పక్కనున్న కాలువ కింది సొరంగంలోంచి నడిచారు. కొత్తది పెట్టకుండా వదిలేసినా అడిగేవాళ్లు ఉండరనుకోవచ్చు, కానీ ఆ ఊరివాళ్లు వదల్లేదు. అందుకే ఆ గొండోలా ఎక్కినప్పుడు నాకు వాళ్ల మీద గౌరవం కలుగుతుంది. మరమ్మతుకి అప్పుడప్పుడు ఆపుతుంటారు కాబట్టి, బయల్దేరే రోజు పొద్దున్నే నడుస్తోందో లేదో చూసుకో. ఆగి ఉంటే ఆ సొరంగంలో నడవండి. అందులోకి దిగే ఎస్కలేటర్లు ఎంత పొడుగో చూస్తే నాన్న నోరెళ్లబెడతారు.

ఇక బిల్బావో. ఈ రకం వంతెనలన్నిటికీ పెద్దక్క అదే. అల్బెర్తో దె పలాసియో అనే ఇంజినీరు రూపం ఇచ్చాడు, మెలితిప్పిన ఉక్కు తాళ్లలో ఆరితేరిన ఫ్రెంచివాడు ఫెర్దినాన్ ఆర్నోదాన్ తోడయ్యాడు. 1893లో మొదలైంది. నెర్బియోన్ నది సముద్రంలో కలిసే చోట, ఈ పక్క పోర్తుగలేతె, ఆ పక్క గెచోలోని లాస్ అరేనాస్. 45 మీటర్ల ఎత్తు, 160 మీటర్ల వెడల్పు. స్పెయిన్ అంతర్యుద్ధంలో 1937లో పై దూలాన్ని పేల్చేశారు, 1941లో తిరిగి కట్టారు. 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇంత చెప్పాక కూడా అసలు సంగతి వేరే ఉంది. అది మ్యూజియం వస్తువు కాలేదు. రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. మధ్యలో కార్లు, రెండు పక్కలా జనానికి గదుల్లాంటివి. కూరగాయల సంచులతో వచ్చే ముసలమ్మలూ స్కూలు పిల్లలూ ఆఫీసులకి పోయేవాళ్లూ తల కూడా ఎత్తకుండా దాటేస్తారు. టికెట్ చిల్లర ఖర్చే.

అక్కడికి ఎలా వెళ్లాలో రాసుకో. బిల్బావో మెట్రోలో ఒకటో లైన్ మీద అరేతా స్టేషన్‌లో దిగి నది దగ్గరికి నడవండి. గొండోలాలో పోర్తుగలేతె చేరండి. అక్కడి పాత ఊరు కొండ మీదకి ఎక్కుతుంది, పైన సాంతా మరియా చర్చి. వీధుల్లో కదిలే ర్యాంపులు పెట్టారు, కాబట్టి మోకాళ్ల నొప్పి ఉన్నా ఫర్వాలేదు. అక్కడే భోజనం చేసి, రెండో లైన్‌లో బిల్బావో తిరిగి రండి. ఇలా వెళ్తే వంతెన మీ దారిలో ఒక భాగం అవుతుంది. ఎక్కి ఫొటో దిగి, వెనక్కి వచ్చి కారెక్కేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది. అవతలి ఒడ్డున ఏదో పని పెట్టుకుని దాటాలిరా. చర్చిలో దీపం పెట్టడమైనా సరే, బజార్లో పళ్లు కొనడమైనా సరే. పని ఉన్నవాడికి అది దారి, లేనివాడికి రంగులరాట్నం. దాన్ని కట్టినవాళ్లు దారి కోసమే కట్టారు.

నువ్వు మాత్రం పైదాకా వెళ్లు. టికెట్ వేరే, లిఫ్టులో తీసుకెళ్తారు. దూలం మీద చెక్క పలకల నడకదారి ఉంది. నది మధ్యకి వచ్చాక ఆగి, నీ కాళ్ల కిందుగా గొండోలా పోయేదాకా ఆగు. పైనుంచి చూసినప్పుడే పలాసియో ఏం చేశాడో పూర్తిగా తెలుస్తుంది, ఓడల దారీ మనుషుల దారీ ఒకదానికొకటి అడ్డం రాకుండా. గాలి ఎక్కువగా ఉన్న రోజు వెళ్లొద్దు, టోపీ పెట్టుకోవద్దు. అక్కని పైకి రమ్మని బలవంతం చెయ్యకు. కింద నాన్నతో కాఫీ తాగుతూ కూర్చోమను.

మిగతావాటి గురించి క్లుప్తంగా. హాంబుర్గ్ వైపు వెళ్తే ఓస్టెన్ అనే పల్లెలో 1909 నాటిది చిన్నది ఉంది, వేసవిలో సరదాకి నడుపుతారు. ఫ్రాన్సులో మిగిలింది రోష్‌ఫోర్ దగ్గర షారాంత్ నది మీద ఒక్కటే, 1900 నాటిది, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ మాత్రమే. అర్జెంటీనా రాజధాని బ్యునోస్ ఐరిస్‌లోని లా బోకా రేవులో 1914లో కట్టినది 1960లో ఆగిపోయి, 2017లో మళ్లీ కదిలింది. మర్సేయ్‌లో ఉన్నదాన్ని యుద్ధంలో 1944లో జర్మన్లు పేల్చేశారు. ఇంగ్లాండ్‌లోని రన్‌కార్న్‌లో అన్నిటికన్నా పొడుగైనది ఉండేది, పక్కన రోడ్డు వంతెన వచ్చాక 1961లో మూసి విప్పేశారు.

ఇంగ్లాండ్‌లోని మిడిల్స్‌బ్రో గురించి రాయకుండా ఉండలేను. అక్కడ నీ స్నేహితులు చదువుతున్నారన్నావు కదా. టీస్ నది మీద 1911లో లేచిన ఆ వంతెన ఒకేసారి తొమ్మిది కార్లని గానీ రెండు వందల మందిని గానీ మోసేది. ఆ ఊరివాళ్లకి అది ప్రాణం. 2019లో భద్రత కారణంగా ఆపేశారు. నాకు ఆ కబురు తెలిసినప్పుడు బంధువుకి జబ్బు చేసినట్టే అనిపించింది. లోకం మొత్తం మీద ఇలాంటివి కట్టిందే రెండు డజన్ల లోపు. ఒక్కో విడతకి పది కార్లు కూడా దాటించలేని వంతెన ఈ రోజుల ట్రాఫిక్‌కి చాలదు, పైగా నూరేళ్లు దాటిన ఇనుముకి రంగులూ మరమ్మతులూ తెగ ఖర్చు. వచ్చే ఏడాది చూద్దాంలే అనుకుంటే ఇంకోటి ఆగిపోవచ్చు. మీ స్నేహితుల్ని కనీసం ఒడ్డుదాకా వెళ్లి ఆ టవర్ల కింద నిలబడి రమ్మను.

ఎక్కడ ఎక్కినా ఒక జాగ్రత్త. గేటు తీసేదాకా గీత దాటొద్దు, సైకిల్ ఉంటే దిగి నడిపించు. 1974లో మిడిల్స్‌బ్రోలో టెర్రీ స్కాట్ అనే హాస్యనటుడు అది మామూలు వంతెన అనుకుని కారు నడిపేశాడు. గొండోలా లేదు, కింద కట్టిన వల కాపాడింది. గొండోలా నడిపే మనిషి ఏం చెప్తే అది చెయ్యండి. దిగేటప్పుడు అతనికి మన భాషలోనే ఒక నమస్కారం పెట్టమని అక్కకి చెప్పు. రోజుకి ఎన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతాడో, పలకరించేవాళ్లు తక్కువ.

రెండ్స్‌బుర్గ్‌కి శని ఆదివారాలు కాకుండా మామూలు రోజు పొద్దున పెట్టుకో. నాన్నకి బీపీ మాత్రలు, ముగ్గురికీ గాలి ఆపే కోట్లు. కాలువ దగ్గర జూన్‌లో కూడా చలిగాలి ఉంటుంది. బిల్బావో టికెట్లు తియ్యకముందే తేదీలు నాకు పంపు, మెట్రో నుంచి నడిచే దారి మ్యాప్ మీద గీసి ఇస్తాను.

మీ మావయ్య