హాలీవుడ్ వార్తలు రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

అమెరికా సినిమా పరిశ్రమ వార్తలను వారం వారం తెలుగులో రాయాలని నువ్వు నిశ్చయించుకున్నావని మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. సంతోషించాను, ఆ వెంటనే కంగారు కూడా పడ్డాను. మన పత్రికలలో హాలీవుడ్ అంటే ఇంతకాలమూ తారల పెళ్లిళ్లు, విడాకులు, ఎర్ర తివాచీ మీది దుస్తులే. ఆ పరిశ్రమ ఎలా నడుస్తోంది, డబ్బు ఎక్కడ పుట్టి ఎవరి చేతికి చేరుతోంది అన్నది తెలుగులో నిలకడగా రాసినవారు బహు తక్కువ. ఆ పని మన ఇంటి పిల్ల తలకెత్తుకోవడం నాకు గర్వంగా ఉంది. కంగారు ఎందుకంటే, జీవితమంతా వార్తా డెస్కులో గడిపినవాణ్ణి కనుక, తొందరలో రాసిన వార్త ఎంత దూరం పోతుందో, దాని సవరణ ఎక్కడ ఆగిపోతుందో నాకు తెలుసు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. వారంలో ఒక రోజు ఖాయం చేసుకో. మంగళవారం అయితే మేలు, కారణం కింద చెబుతాను. పేర్లను వాళ్లు పలికే తీరు విని రాయి. అక్కడి ఆదివారం రాత్రి మనకు సోమవారం ఉదయమని తేదీలు వేసేటప్పుడు మరవకు. ఉద్యోగం ఇప్పుడే మానవద్దు.

ఇక నువ్వు రోజూ చదివే పత్రికల విషయం. వెరైటీ 1905 నుంచి, హాలీవుడ్ రిపోర్టర్ 1930 నుంచి ఉన్నాయి, డెడ్‌లైన్ ఇంటర్నెట్ కాలంలో వచ్చింది. మూడింటిలోనూ ఒకే కబురు కనిపిస్తే మూడు సాక్ష్యాలు దొరికాయనుకుంటావు. వెరైటీ, డెడ్‌లైన్ రెండూ పెన్స్కే మీడియావి. 2020 నుంచి హాలీవుడ్ రిపోర్టర్ నిర్వహణ కూడా ఆ సంస్థ చేతికే వచ్చింది. వాటి విలేకరులు ఒకరితో ఒకరు పోటీపడే రాస్తారు, కాదనను, కానీ ముగ్గురికీ ఒకే ఏజెంటు ఒకే పూట ఫోను చేసి ఉండవచ్చు. అందుచేత ‘విశ్వసనీయ వర్గాల ప్రకారం’ అన్న మాట కనిపించిన ప్రతిచోటా, ఈ కబురు బయటికి పొక్కితే ఎవరికి లాభం అని ఒక్క క్షణం ఆలోచించి ముందుకు సాగు.

నువ్వు రాసి చూసుకున్న వ్యాసం మీ నాన్న నాకు పంపించాడు. అందులో ఒక కంపెనీ మరొక కంపెనీని ‘కొనేసింది’ అని రాశావు. వాళ్లు ఇంకా ప్రతిపాదన దగ్గరే ఉన్నారు, అమ్మలూ! డిస్నీ, ఫాక్స్ బేరం గుర్తు చేసుకో. 2017 డిసెంబరులో సుమారు 5,200 కోట్ల డాలర్లకు ఒప్పందం ప్రకటించారు. మరుసటి ఏడాది కామ్‌కాస్ట్ అనే మరో మీడియా సంస్థ అడ్డు వచ్చి ధర పెంచింది, డిస్నీ 7,100 కోట్లు దాటవలసి వచ్చింది, చివరికి 2019 మార్చిలో గాని కొనుగోలు పూర్తి కాలేదు. మధ్యలో గడిచిన ఆ కాలమంతా ‘కొనేసింది’ అని రాసినవాళ్లది తప్పే. ప్రతిపాదించింది, ఒప్పందం కుదిరింది, నియంత్రణ సంస్థలు అనుమతించాయి, పూర్తయింది అన్న నాలుగు మాటలూ నాలుగు వేరు వేరు వార్తలు. ఇంత కటువుగా చెబుతున్నానని నొచ్చుకోకు. వాక్యం నీది చక్కగా ఉంది, చదువుతున్నంతసేపూ మీ తాతయ్య ఉత్తరాలు గుర్తుకు వచ్చాయి. అందుకే క్రియాపదం దగ్గర జారిపోతే బాధ వేసింది.

కలెక్షన్ల దగ్గర నీకు ఒక సౌకర్యం ఉంది. గ్రాస్ వేరు, షేర్ వేరు అని తెలుగు పాఠకుడికి ఎవరూ నేర్పనక్కరలేదు. కనుక ఆ మాటలతోనే చెప్పు. అమెరికాలో టికెట్ల మీద వచ్చిన డబ్బులో దాదాపు సగం థియేటర్ల దగ్గరే ఆగిపోతుంది. చెప్పే బడ్జెట్‌లో పబ్లిసిటీ ఖర్చు సాధారణంగా ఉండదు. ‘డొమెస్టిక్’ అంటే కెనడా కూడా కలిసిన లెక్క. ఆదివారం ఉదయం స్టూడియోలు ఇచ్చే వారాంతపు అంకె అంచనా మాత్రమే, ఎందుకంటే ఆ రోజు ఆటలు అప్పటికి పూర్తి కావు. అసలు లెక్క సోమవారం వస్తుంది, అంటే మనకు మంగళవారం తెల్లవారేసరికి. అందుకే మంగళవారం అన్నాను. పాత అంకెలతో పోల్చేటప్పుడు టికెట్ ధర మరవవద్దు. 2019లో అక్కడి వసూళ్లు 1,100 కోట్ల డాలర్లు దాటాయి, 2024లో 900 కోట్లకు కూడా చేరలేదు. ఈ మధ్యలో టికెట్ ధర పెరిగింది కనుక, థియేటరుకు వచ్చే మనుషుల సంఖ్య ఈ అంకెలు చెప్పే దానికంటే ఇంకా ఎక్కువగా పడిపోయిందన్న మాట.

నేను ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది మాత్రం మరొక సంగతి కోసం. 2013 ఫిబ్రవరి 25, సోమవారం ఉదయం. అమెరికాలో ఆస్కార్ వేడుక జరుగుతోంది. ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రానికి దర్శకత్వంతో కలిపి నాలుగు బహుమతులు వచ్చాయి. అది పుదుచ్చేరి కుర్రవాడి కథ, అందులో మన నటులు ఉన్నారు. కాబట్టి నేను పనిచేసిన పత్రికలో మర్నాటి సినిమా పేజీ నిండా ఆ సంబరమే. పడవ మీద పులి బొమ్మ పెద్దగా వేశారు, ప్రపంచవ్యాప్తంగా ఎన్ని కోట్ల డాలర్లు వచ్చాయో రూపాయల్లోకి మార్చి పెట్టెకట్టి మరీ ఇచ్చారు.

ఆ పులిలో చాలా భాగం కంప్యూటర్ మీద చేసినదే. చేసిన సంస్థ లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని రిథమ్ అండ్ హ్యూస్. వేడుకకు రెండు వారాలైనా ముందు కాకుండానే, అదే నెలలో, ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. వేడుక జరిగే డాల్బీ థియేటరుకు కొద్ది దూరంలో వందలాది వీఎఫ్ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్, అంటే కంప్యూటర్ మీద చేసే దృశ్యాల) పనివారు అట్టలు పట్టుకుని నిరసన తెలిపారు. ఆ చిత్రం వీఎఫ్ఎక్స్‌కు వేదిక మీద బహుమతి అందుకున్న బిల్ వెస్టెన్‌హోఫర్ ఆ సంస్థ కష్టాల మాట ఎత్తేసరికి సంగీతం పెంచి మైకు ఆపేశారు. ఆ సంస్థకు అప్పట్లో మన హైదరాబాదులో కూడా శాఖ ఉండేది! ఇవేవీ మా పేజీలో ఒక్క వాక్యంగానైనా రాలేదు. ఏజెన్సీ వార్తల కట్టలో ఆ కబురు కూడా వచ్చింది, విజేతల జాబితా కింద పడి ఉండిపోయింది.

మంగళవారం సాయంత్రం మా వీధిలో ఉండే కుర్రవాడు ఒకడు పేపరు మడిచి పట్టుకుని ఇంటికి వచ్చాడు. వీఎఫ్ఎక్స్‌లో రోటో పని చేసేవాడు. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు, ఒక్కొక్క ఫ్రేములో మనిషి అంచు, వెంట్రుకల అంచు గీసి వేరు చేయడం అతని పని. పులి బొమ్మ మీద వేలు పెట్టి, “అంకుల్, దీన్ని చేసినవాళ్ల గురించి ఎందుకు రాయలేదు?” అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. చిత్రం 60 కోట్ల డాలర్లు దాటి వసూలు చేస్తే అందులోని పులిని చేసిన సంస్థ ఎందుకు మునిగిందన్నదే ఆ వారం హాలీవుడ్‌లో అసలు వార్త. స్టూడియోలు ఒకే మొత్తానికి బేరం కుదుర్చుకుంటాయి, ఆ తరువాత దృశ్యాలు ఎన్నిసార్లు మార్చినా, విడుదల ఎంత వెనక్కి జరిగినా అదనపు భారం చాలావరకు వీఎఫ్ఎక్స్ సంస్థే మోస్తుంది. పైగా పన్ను రాయితీల కోసం పని వాంకూవర్‌కో లండన్‌కో తరలిపోతుంది. ఇది తెలుగులో రాయదగ్గది, మన పిల్లలు చదవదగ్గది.

అదే చిత్రంలో తుపాను దృశ్యాలు చేసిన ఎంపీసీ అనే వీఎఫ్ఎక్స్ సంస్థ, టెక్నికలర్ గ్రూపులో ఉండేది. 2025 ఫిబ్రవరిలో ఆ గ్రూపు కుప్పకూలి బెంగళూరు, ముంబైలలో వేలమంది ఉద్యోగాలు పోయినప్పుడు, పన్నెండేళ్ల కిందటి ఆ కుర్రవాడి ప్రశ్న మళ్లీ వినిపించినట్లయింది. కాబట్టి కలెక్షన్ల వార్త ఎప్పుడు రాసినా, ఆ వారం పనివాళ్ల కబురు ఏమైనా ఉందేమో వెతికి చూసి గాని వ్యాసం ముగించకు. 2023లో మే 2 నుంచి రచయితలు 148 రోజులు, జూలై 14 నుంచి నటులు 118 రోజులు సమ్మె చేస్తే, మనవాళ్లు ఎక్కువగా ఏ చిత్రం వాయిదా పడిందో రాశారు. స్ట్రీమింగ్‌లో మళ్లీ మళ్లీ వేసినందుకు ఎంత ఇవ్వాలి, కృత్రిమ మేధ రాసినదాన్ని రచనగా లెక్కించవచ్చునా అన్న ప్రశ్నల మీద జరిగిన పోరాటం అది. ఒప్పందాలు యూనియన్ల వెబ్‌సైట్లలోనే ఉన్నాయి, కనీసం సారాంశమైనా నువ్వే చదువు. యంత్రం చేసిన అనువాదం చూసి రాయవద్దు. షరతు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అందులో తారుమారైతే నీకు తెలియదు.

మొదటి వ్యాసం వచ్చే మంగళవారానికి సిద్ధం చేయి. మీ నాన్న బెంగ సంగతి నేను చూసుకుంటాను. బయట పెట్టే ముందు నాకు ఒకసారి పంపించు. అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టు, ప్రతి అంకె పక్కన అది ఎక్కడ దొరికిందో రాసి ఉంచు. రాత్రి ఎంత పొద్దుపోయినా చదివి తెల్లవారేలోగా ఫోను చేస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న