గ్యాస్ బిళ్ళ పేరు అడిగావు కదా

పర్లాకిమిడి,
ఆదివారం

బాబూ,

దసరాకి వచ్చినప్పుడు రాత్రి భోజనాలయ్యాక నువ్వు బెల్టు ఒక కన్నం వదులు చేసుకుని, పెద్దమ్మ అటు తిరగగానే జేబులోంచి క్యాప్సూల్ తీసి మింగావు. నేను చూడలేదనుకున్నావు. ముప్పై ఎనిమిదేళ్ళు మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డవాడికి రేకు చిరిగిన చప్పుడు చాలు. నిన్న ఫోన్ చేసి "ఇంతకంటే గట్టి గ్యాస్ బిళ్ళ ఉంటే పేరు చెప్పు పెదనాన్నా" అన్నావు. పేరు చెప్పను. చెప్పవలసింది వేరే ఉంది, అది ఫోన్‌లో తెమిలేది కాదు.

ముందు ఆ క్యాప్సూల్ సంగతి. అది పరగడుపున, తిండికి అరగంట ముందు వేసుకోవలసిన మందు. నువ్వు పీకల దాకా తిన్నాక వేసుకుంటున్నావు. పైగా అది తగ్గించేది కడుపులో ఊరే ఆసిడ్‌ని. నీ బాధ ఉబ్బరం, పొద్దున మూడుసార్లు వెళ్ళినా ఇంకా ఏదో మిగిలిపోయినట్టు ఉండడం. ఆసిడ్ ఊరేది పైన జీర్ణాశయంలో. తిన్నది పులిసి గ్యాస్ పుట్టేది చాలావరకు కింద పెద్దపేగులో. మేడ మీద కుళాయి కట్టేసినంత మాత్రాన వీధి కాలవ బాగుపడదు కదా.

మా షాపులో అన్నిటికీ ఒకటే పేరు. ఒడియావాళ్ళయితే "గ్యాస్ హెయిచి", మనవాళ్ళయితే "గ్యాస్ పట్టేసింది". నడుం నొప్పి గ్యాసే, తలనొప్పి గ్యాసే. ఒకసారి ఒకాయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని, చొక్కా తడిసిపోయేలా చెమటలు పడుతూ వచ్చి గ్యాస్ బిళ్ళ అడిగాడు. ఎడమ చెయ్యి లాగుతోందా అంటే అవునన్నాడు. బిళ్ళ ఇవ్వలేదు, ఆటో పిలిచాను. అది గుండెపోటు. అందుకే ఆ మాట వింటే నాకు భయం. నీకు నిజంగా ఏమవుతోందో 'గ్యాస్' అనే మాట వాడకుండా చెప్పడం నేర్చుకో, సగం పని అక్కడే అవుతుంది.

నా కథ నీకు పూర్తిగా తెలియదు. అప్పటికి నువ్వు చిన్నవాడివి. మోకాళ్ళ నొప్పులని షాపులో అర మీదున్న నొప్పి బిళ్ళలు రెండు నెలలు రోజుకి రెండు చొప్పున మింగాను, చాలాసార్లు ఖాళీ కడుపుతో. కడుపులో మంట పుడితే పైన ఆసిడ్ సిరప్ తాగేవాణ్ణి. ఒక రోజు మోషన్ నల్లగా, తారులా జిగటగా అయింది. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు పెరట్లో కళ్ళు తిరిగి పడిపోతే, మీ నాన్న, ఎదురింటాయన మోసుకెళ్ళారు. అల్సర్ నుంచి రక్తం కారుతోందన్నారు. రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించారు. ఎవరినీ అనడానికి లేదు, బిళ్ళలు నావే, చెయ్యీ నాదే. ఎంతమందికి "తిన్నాక వేసుకోండి" అని చెప్పానో లెక్క లేదు.

కాబట్టి ఈ కిందివాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ ఉత్తరం మడిచి పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పో: మోషన్‌లో రక్తం, నాలాగా తారు నలుపు (ఐరన్ బిళ్ళలు వేసుకుంటే కూడా నల్లగా అవుతుంది, అది వేరు), నువ్వు తగ్గాలనుకోకుండానే బరువు తగ్గడం, నిద్రలోంచి లేపి మరీ విరేచనం కావడం, ముద్ద మింగుడు పడకపోవడం, విడవని జ్వరం, రక్తం తక్కువని రిపోర్టు రావడం. నడివయసు దాటాక మోషన్ తీరులో కొత్తగా మొదలైన మార్పుకి కూడా ఇదే మాట, నీకు కాదు, మీ నాన్నకి చెప్పు. ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉంటే ఇంకా తొందరగా. బరంపురంలో పెద్దాసుపత్రి పెట్టుకుని, నువ్వు పర్లాకిమిడి ముసలాయనకి ఫోన్ చేయడమేమిట్రా అని అప్పుడు నేనే తిడతాను.

అవేవీ లేవని నువ్వు ప్రమాణపూర్వకంగా చెప్పావు కాబట్టి మిగతాది రాస్తున్నాను.

ఒక నోటుబుక్కు కొను. పదిహేను రోజులు రాయి. ఎన్నింటికి ఏం తిన్నావు, ఎన్నింటికి కడుపు ఉబ్బింది, మోషన్ ఎలా అయింది. సిగ్గు పడకు. ఇంగ్లండులో బ్రిస్టల్ ఊరి డాక్టర్లు 1997లో దీన్ని ఏడు రకాలుగా విడదీసి పట్టిక వేశారు, ఇప్పటికీ ప్రపంచమంతా అదే వాడుతున్నారు. ఒకటో రకం మేక పెంటికలు. ఏడోది ఉత్త నీళ్ళు. నాలుగోది అరటిపండులా నున్నగా, తేలిగ్గా అయ్యేది, అదే కావలసింది. రోజుకి మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఎలా వెళ్ళినా మామూలే. రోజూ పొద్దున్నే ఒక్కసారి 'సాఫ్'గా అయితేనే ఆరోగ్యమని మన పెద్దవాళ్ళు పెట్టిన బెంగ ఒకటుంది, దానికోసం ప్రతి రాత్రి చూర్ణం తినేవాళ్ళని చాలామందిని చూశాను. ఆ చూర్ణాల్లో చాలావాటిలో సునాముఖి ఉంటుంది. అది పేగుని కొరడాతో అదిలించినట్టు. అప్పుడప్పుడు అయితే సరే, దినచర్య చేసుకోవద్దు.

నీ రోజు ఎలా గడుస్తుందో నువ్వు చెప్పిందే నేను రాసి చూపిస్తాను. తొమ్మిదింటికి బండి దగ్గర ఉప్మా, దాని మీద ఘుగుని అనే బఠాణీ కూర. పన్నెండు లోపు మూడు టీలు, సాయంత్రానికి ఇంకో మూడు. మధ్యాహ్నం పనిలో పడి తినవు, తింటే రెండు బరాలు, అంటే మన గారెలు. రాత్రి పదకొండుకి చౌమిన్ లేదా బిర్యానీ, తిన్న పావుగంటలో మంచం. ఇందులో ఏం కనిపిస్తోంది నీకు?

ఘుగుని మీద నాకు కోపం లేదు. బరంపురం వెళ్తే నేనూ ఆ ఆకు దొప్ప నాకినవాణ్ణే. కానీ అది ఎండు బఠాణీ. అందులో కొన్ని చక్కెరలు మన చిన్నపేగుకి అరగవు, అలాగే కిందికి దిగి పెద్దపేగులో బ్యాక్టీరియాకి విందవుతాయి, అవి తిని గ్యాస్ వదులుతాయి. అది రోగం కాదు, లెక్క. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి మెత్తగా ఉడికిస్తే తగ్గుతుంది. బండివాడు అంత చేస్తాడని నేను అనుకోను. నువ్వు పదకొండు, పన్నెండుకి ఉబ్బుతున్నానన్నావంటే నా అనుమానం మొదట ఘుగుని మీద, తర్వాత టీ మీద. పాలలో ఉండే చక్కెరని అరిగించే ఎంజైమ్ పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. ఆరు టీలంటే లోపలికి పోయే పాలు తక్కువేమీ కాదు. రెండు వారాలు పాల టీ మానేసి చూడు, నల్ల టీ తాగు, పెరుగు మజ్జిగ మానొద్దు. తోడుకున్నాక ఆ చక్కెర కొంత తగ్గిపోతుంది. తేడా కనిపిస్తే దొంగ దొరికినట్టే. కనిపించకపోతే హాయిగా టీ తాగు, అనవసరంగా ఏదీ జీవితాంతం వదులుకోవద్దు. ఒకేసారి అన్నీ మానేస్తే ఏది కారణమో తేలదు, ఒకదాని తర్వాత ఒకటి.

ఇక మానేసేవి కాదు, తినవలసినవి. పెద్దపేగులో కోట్లాది సూక్ష్మజీవులున్నాయి. మనం అరిగించలేని పీచు వాటి తిండి. వాటికి అది పడితే బ్యూటిరేట్ అనే పదార్థం తయారుచేస్తాయి, పేగు లోపలి పొరకి అదే ప్రధానమైన ఆహారం. రోజుకి కనీసం 25 గ్రాముల పీచు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నీ చౌమిన్, మైదా పూరీ, తెల్లన్నంతో పది దాటినా ఎక్కువే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్ళు 2017లో వేసిన పట్టికల్లో వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు మూడు గ్రాముల లోపు, చోళ్ళలో, అంటే రాగుల్లో, పదకొండు గ్రాములు.

చోళ్ళంటే గుర్తొచ్చింది. సంతకి కొండ మీద నుంచి సవర ఆడవాళ్ళు దించినవి పెద్దమ్మ కొని, కడిగి, ఎండబెట్టి పిండి ఆడించింది. రెండు కిలోలు పంపుతున్నాను. అంబలి ఇలా చేసుకో: రాత్రి నాలుగు చెంచాల పిండిని గ్లాసు నీళ్ళలో ఉండలు కట్టకుండా కలిపి మూతపెట్టు. పొద్దున ఆ నీళ్ళ మీద సన్నటి బుడగలు కనిపిస్తాయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి వాసన. గుప్పెడు నూకలు రెండు గ్లాసుల నీళ్ళలో ఉడుకుతుంటే ఈ పిండి నీళ్ళు పోసి కలుపుతూ ఉండు. గోధుమరంగు ముదిరి, గరిటె మీంచి జారేటప్పుడు తాడులా సాగితే దింపేయి. చల్లారాక చిలికిన మజ్జిగ, ఉప్పు, నంజుకోవడానికి ఉల్లిపాయ. ఉడుకుతుండగా మజ్జిగ పోస్తే అందులో బతికున్న బ్యాక్టీరియా చస్తుంది, అది చల్లారాకే.

మీ ఇంటి ఓనరమ్మ ఎండాకాలం పఖాళ, అంటే నీళ్ళు పోసి పులియబెట్టిన అన్నం, పెడుతుందన్నావు, వద్దనకు. ఒడియావాళ్ళు మార్చి 20న దానికో రోజే పెట్టుకున్నారు. అన్నం పులిసిన ఆ నీళ్ళని వాళ్ళు తొరాణి అంటారు, మా అమ్మ తరవాణి అనేది. ఏటికి అటూ ఇటూ ఒకటే కుండ. అయితే ఒక్క జాగ్రత్త. వండిన అన్నాన్ని ఊరికే గిన్నెలో వదిలేసి మర్నాడు తినడం పఖాళ కాదు. అలా వదిలిన అన్నంలో పెరిగే ఒక బ్యాక్టీరియా విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అన్నం చల్లారగానే శుభ్రమైన మంచినీళ్ళు పోసి, మూతపెట్టి, పొద్దున తినేయాలి. దుర్వాసన వస్తే, జిగురు సాగితే పారేయి. ఆమె దాల్మా కూడా అంతే, మనవాళ్ళు 'అందులో కారమేదీ' అని చిన్నచూపు చూస్తారు గానీ కందిపప్పు, పచ్చి బొప్పాయి, గుమ్మడి, అరటికాయ ఒకే గిన్నెలో ఇంకెక్కడ దొరుకుతాయి?

ఇవన్నీ సోమవారం నుంచి ఒకేసారి మొదలెట్టకు. పీచు ఒక్కసారిగా పెంచితే మొదటి వారం ఉబ్బరం ఇంకా పెరుగుతుంది, "పెదనాన్న మందు వికటించింది" అంటావు. అంబలి రోజు మార్చి రోజు, సగం గ్లాసు. రెండు మూడు వారాల్లో పెంచుకో. నీళ్ళు కూడా పెంచు, లేకపోతే పీచు లోపలే గట్టిపడుతుంది. రాత్రి భోజనం తొమ్మిదికి జరుపు. ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు, నువ్వు పనిచేసే షాపు మూసేది పదిన్నరకి కదా. అయితే ఎనిమిదింటికి అక్కడే రెండు రొట్టెలు తిను, ఇంటికొచ్చాక మజ్జిగ తాగి పడుకో.

లెట్రిన్‌లోకి ఫోన్ తీసుకెళ్ళకు. అరగంట కూర్చుంటే వచ్చేవి మొలలే. పొద్దున టిఫిన్ తిన్న కాసేపటికి పేగు తనంతట తానే కదులుతుంది, ఆ పిలుపు వచ్చినప్పుడు వెళ్ళు. కమోడ్ అయితే పాదాల కింద పీట వేసుకో.

లూజ్ మోషన్ అయినప్పుడల్లా యాంటీబయాటిక్ కొనే అలవాటు నీకుంది, మీ అమ్మ చెప్పింది. నీళ్ళ విరేచనాలు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. కావలసింది ఓఆర్‌ఎస్, పెద్ద పొట్లం సరిగ్గా లీటరు నీళ్ళలో, గ్లాసులో కాదు. ఆ యాంటీబయాటిక్ చెడ్డవాటితో పాటు పేగులోని మంచివాటినీ ఊడ్చేస్తుంది, మళ్ళీ కోలుకోవడానికి వారాలు పడుతుంది. రక్తం, జ్వరం ఉంటే మోషన్ కట్టే బిళ్ళ అసలు వేసుకోకూడదు.

ఆ క్యాప్సూల్ మాత్రం రేపే విసిరేయకు. ఎనిమిది నెలలు రోజూ వేసుకున్నాక ఒక్కసారి ఆపితే ఆసిడ్ ముందుకంటే ఎక్కువ ఊరి గుండెల్లో మంట లేస్తుంది, అది చూసి జనం మందు లేకపోతే బతకలేమనుకుంటారు. డాక్టర్ని అడిగి మెల్లగా తగ్గించుకో. ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గుతుంది కూడా. అడిగేటప్పుడు హెచ్ పైలోరీ అనే, అల్సర్లు తెచ్చే క్రిమి పరీక్ష గురించి కూడా అడుగు. అల్సర్లకి టెన్షన్, కారమే కారణమని అందరూ అనుకునే రోజుల్లో, ఆస్ట్రేలియా డాక్టరు బారీ మార్షల్ 1984లో ఆ క్రిమిని తానే తాగి కడుపు మంట తెచ్చుకుని చూపించాడు. ఆయనకీ రాబిన్ వారెన్‌కీ 2005లో నోబెల్ ఇచ్చారు. నాకు అల్సర్ పుండు మానాక ఈ పరీక్ష కూడా చేశారు. క్యాప్సూల్ వాడుతుంటే పరీక్షలో అది దాక్కుంటుంది, రెండు వారాల ముందు ఆపమంటారు. ఆ సంగతి వాళ్ళడగకపోయినా నువ్వు చెప్పు.

టెన్షన్ గురించి ఏమీ అనలేదని అనుకోకు. టార్గెట్ల వారంలో నీ కడుపు గడబిడ అవుతుందన్నావు. పేగుకీ మెదడుకీ నరాల దారి ఉంది, అది నటన కాదు. నోటుబుక్కులో ఆ రోజుల పక్కన ఒక చుక్క పెట్టు. చుక్కలూ నొప్పులూ కలిసి నడుస్తుంటే, అన్ని పరీక్షలూ బాగున్నా నీది నిజమైన బాధేనని డాక్టరుకి చెప్పడానికి అది పనికొస్తుంది.

గురువారం పొద్దున బస్సులో మన వీధి కుర్రాడు వస్తున్నాడు. పిండి స్టీలు డబ్బాలో పెట్టి ఇస్తాను, పైన పొట్లంలో వాము ఉంటుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు నోటుబుక్కు తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. డబ్బా కూడా మర్చిపోకు. అది పెద్దమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, పోయినసారి మూత పారేసినందుకు ఇప్పటికీ అంటోంది.

పెదనాన్న