మీ ఉత్తరాలు: దూది ఎర్రబడితే ఆగాలి

(మ్యూజియం ల్యాబుల్లో పాత చిత్రాల సంరక్షణ పని చేసి, రిటైరై విజయనగరంలో ఉంటున్న మా కాలమిస్టు ఈ నెల మూడు ఉత్తరాలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి బొమ్మలు బాగా వేస్తాను. పాత పెయింటింగులు బాగుచేసే ఉద్యోగం ఒకటుందని ఈమధ్యే తెలిసింది. ఇంట్లో బీఎడ్ చేయమంటున్నారు. ఈ చదువు ఎక్కడుంది? బొమ్మలు వచ్చు కాబట్టి నాకు తేలికవుతుందా?
- ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: నువ్వు అనే రాస్తానమ్మా, నా మనవరాలి ఈడుదానివి. నీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. బొమ్మలు వచ్చినవాళ్లకి ఈ పని మొదట్లో ఇంకా కష్టం. చెయ్యి ఊరుకోదు. రంగు పోయిన చోట పూడ్చేసి, పనిలో పనిగా పక్కనున్న చీర మడత కూడా కాస్త సరిచేద్దామనిపిస్తుంది. మన పని అది కాదు. పోయిన మేరకే దిద్దాలి. అసలు రంగు మీదికి వెంట్రుకవాసి కూడా పోకూడదు. పైగా రేపు ఇంకొకరు తుడిస్తే వచ్చేసే రంగుతోనే దిద్దాలి. ఇటలీలో ఒక పద్ధతి ఉంది, పోయిన చోటును సన్నటి నిలువు గీతలతో నింపుతారు. దూరం నుంచి బొమ్మలో కలిసిపోతుంది, దగ్గరికొస్తే ఇది తర్వాత చేసిందని తెలిసిపోతుంది. నాకదెంతో ఇష్టం. మనవైపు తాతముత్తాతల పోర్ట్రెయిట్లు పట్టుకొచ్చేవాళ్లకి మాత్రం చస్తే నచ్చదు, "కొత్తదానిలా చేసివ్వండి" అంటారు.

నీకు అక్కరకొచ్చేది కెమిస్ట్రీ. పైనున్న పాత వార్నిష్‌ను కరిగించి, కింది రంగును ముట్టుకోని ద్రావణమేదో తేల్చుకోవడంలోనే సగం పని ఉంది. శిక్షణలో మొదటి నెల నాతో దూది చుట్టించారు, అంతే. చీపురు పుల్లంత వెదురు పుల్ల కొసకి బిగువుగా, నున్నగా చుట్టాలి. కార్తీకంలో బామ్మ పక్కన కూర్చుని వత్తులు చేసిన చెయ్యి కదా, అది మాత్రం ఇట్టే వచ్చేసింది. ఆ ధీమాయే ముంచింది. ఎర్ర శాలువా కప్పుకున్న ఒకావిడ చిత్రం నాకిచ్చారు. బొమ్మలో ఆవిడ వెనకున్న నల్లటి భాగంలో పరీక్షించాను. దూదికి పసుపుపచ్చగా వార్నిష్ వచ్చింది, రంగు కదల్లేదు. ఇంకేముంది అని, ఎరుపులో విడిగా పరీక్షించకుండానే శాలువా అంచు మీద దూది దొర్లించాను. మూడోసారికి దూది గులాబీ రంగులోకి తిరిగింది. అది వార్నిష్ కాదు, చిత్రకారుడు పలచగా పూసిన పై పూత. పాత ఎరుపుల్లో కొన్ని అలాగే కరుగుతాయి, అందుకే ప్రతి రంగునీ విడివిడిగా పరీక్షించాలి. మా పెద్దాయన ఒక్క మాట అనలేదు. ఆ పుల్ల తీసుకుని చిన్న కవర్లో పెట్టి, తేదీ, నా పేరు రాసి ఫైల్లో గుచ్చారు. తిట్టినా బాగుండేది.

చదువు సంగతి. ఢిల్లీలో 1989లో మొదలైన నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌లో కన్సర్వేషన్ ఎంఏ ఉండేది. ఆ సంస్థే ఇప్పుడు నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ అయింది. లక్నోలో 1976 నుంచీ ఉన్న కేంద్ర ప్రభుత్వ పరిశోధనశాల, ఎన్ఆర్ఎల్‌సీ, శిక్షణ కోర్సులు నడుపుతుంది. పురావస్తు శాఖ సైన్స్ విభాగం డెహ్రాడూన్‌లో ఉంది, అక్కడ కెమిస్టులు కావాలి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి సొంత ల్యాబు ఉంది. నీకన్నిటికంటే దగ్గర భువనేశ్వర్, పాత కట్టడాలనీ కళనీ కాపాడే సంస్థ ఇన్‌టాక్ వాళ్ల కేంద్రం. ఆమదాలవలసలో రైలెక్కితే ఐదారు గంటలు.

ప్రభుత్వ పోస్టులు తక్కువ. నోటిఫికేషన్ కోసం ఏళ్లు చూడాల్సి రావచ్చు. ఈలోపు చాలామంది ప్రాజెక్టుల మీద, ప్రైవేటు స్టూడియోల్లో పనిచేస్తారు. ఆ జీతం ఒక నెల ఉంటే ఒక నెల ఉండదు. ఇది మీ నాన్నగారికి దాచకు. బీఎడ్ మీద నాకేం కోపం లేదు. కానీ ఫీజు కట్టేముందు, ఎక్కడైనా ల్యాబులో నెల రోజులు ఊరికే పనిచేస్తానని ఉత్తరం రాయి. రోజుకి ఆరు గంటలు మైక్రోస్కోపు మీద వంగి, అరచేతి మేర శుభ్రం చేశాక విసుగొస్తే వెనక్కి వచ్చేయ్. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసే ఆడవాళ్లను ఒక పూట చూసిరా, ఆ వేగం నీకు నచ్చాలి.

ప్రశ్న: రిటైరైన డ్రాయింగ్ మాస్టర్ని. మా దగ్గర పాత గుడి గోడ మీది బొమ్మలు వెలిసిపోతున్నాయి. నా శిష్యులు పదిమంది ఉన్నారు. ఎనామిల్ రంగులు మేమే కొనుక్కుని ఉచితంగా దిద్దుతాం. సలహా ఇవ్వగలరు.
- ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, నమస్కారం. దయచేసి వద్దు. సున్నపు గోడ మీద ఎనామిల్ వేస్తే గోడకి ప్లాస్టిక్ సంచి తొడిగినట్టే. లోపలి తడి బయటికి రాలేక, ఉప్పుతో సహా రంగు వెనక చేరుతుంది. తర్వాత పెచ్చులుగా ఊడుతుంది, మీ రంగుతో పాటు పాతది కూడా. మిగతా పాడు మనం శుభ్రం అనుకుని వేసే సున్నంతో అయిపోతుంది.

మీ శిష్యులు వేరే పని చేయగలరు. గుడి దేవాదాయ శాఖ కిందో పురావస్తు శాఖ కిందో కనుక్కుని, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. తర్వాత ఒక్కో గోడకి ఒక్కో గ్రాఫ్ షీటు తీసుకుని, బొమ్మలను చూసి కొలతల ప్రకారం దాని మీద గీయండి. పెచ్చులు లేచిన చోట ఎర్ర పెన్సిలు, ఉప్పు పొంగిన చోట నీలం, దీపం మసి ఉన్నచోట నలుపు. టార్చి లైటు ఎదురుగా కాక, గోడకి తగలకుండా పక్క నుంచి వేయండి. లేచిన ప్రతి పెచ్చూ నీడ పడి కనిపిస్తుంది. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి అదే చోట నిలబడి, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. పెచ్చు రాలితే కవర్లో వేసి, ఎక్కడ రాలిందో, తేదీ ఏమిటో రాయండి. గోడని మాత్రం ఎవరూ తాకకూడదు, మీరు కూడా. ఈ మ్యాపులు గీయడానికి మేం జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకునేవాళ్లం. గీత పట్టు ఉన్న పదిమంది మీ దగ్గర ఉచితంగా ఉన్నారు!

ఇంకొకటి, గుడి పైకప్పు ఎక్కించి చూపించండి. రావి మొక్క మొలిచిందా, నీళ్లుపోయే తూము పూడిందా? బొమ్మల జబ్బు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. శ్రీకూర్మం వెళ్లినప్పుడు మండపం గోడల మీది చిత్రాల ముందు పావుగంట నిలబడి, చేతులూ భుజాలూ తగిలే ఎత్తులో రంగు ఎలా ఉందో, దానికి పైన ఎలా ఉందో పోల్చుకోండి.

ప్రశ్న: 2018 తిత్లీ తుపానులో గోడ తడిసినప్పటి నుంచి మా తాతగారి ఆయిల్ పెయింటింగు మీద తెల్లగా పొరలా కడుతోంది. కోసిన బంగాళాదుంపతో రుద్దమన్నారు ఒకరు. ఉమ్మితో తుడుస్తారని ఇంకొకరు. నిజమేనా?
- ఒక పాఠకుడు, పలాస

జవాబు: బంగాళాదుంప కూరకి ఉంచుకోండి. దాని పిండి బూజుకి విందు, దాని తడి పగుళ్లలోకి దిగి రంగును లేపుతుంది. ఉమ్మి మాట మాత్రం నిజమే. అందులోని ఎంజైములు మురికిని వదిలిస్తాయి, మేమూ వాడతాం. దాని మీద పరిశోధన చేసిన పోర్చుగల్ వాళ్లకి 2018లో, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. అలాగని మీరు మొదలుపెట్టకండి.

ముక్కుకి మాస్కు కట్టుకుని పటాన్ని గోడ నుంచి దించండి. ఎండలో పెట్టొద్దు. గాలాడే గదిలో మంచం మీద బొమ్మ పైకి వచ్చేలా పడుకోబెట్టండి. ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వకండి. మళ్లీ తగిలించేటప్పుడు వేరే పొడి గోడ చూసి, కింది రెండు మూలల వెనక సీసా బిరడా ముక్కలు అతికించండి, గాలి ఆడుతుంది. తెల్లపొర బూజో, వార్నిష్ పాలిపోవడమో ఉత్తరం చూసి చెప్పలేను. ఫొటోలు పంపండి, వెనక వైపుది కూడా. చెద పట్టిందీ లేనిదీ నేను ముందు అక్కడే చూస్తాను.