వీధి మెస్సా, చెయిన్ రెస్టారెంటా: బయటి తిండి ఖర్చును ఎలా లెక్కించాలి?

ప్రశ్న: మాది గుంటూరు. నలుగురం. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 85,000 రూపాయలు వస్తాయి. బయటి తిండికే 8,000 దాటుతోంది. మన ఊరివాళ్లు నడిపే మెస్సుల్లోనే తినాలని నా కోరిక. కూపన్లుంటాయి కాబట్టి చెయిన్ రెస్టారెంట్లే చవకని మావారు అంటారు. అక్కడ కూపన్ పోను 1,300, మెస్సులో నాలుగు భోజనాలకు 560 అవుతోంది. మూడు నెలల భోజనం టికెట్లు ముందే కొంటే పది శాతం తగ్గిస్తానని మెస్ యజమాని అంటున్నారు. కొనవచ్చా?

జవాబు: మీ కోరిక మంచిదే, మీరు రాసిన అంకెలూ దానికే మద్దతిస్తున్నాయి. కూపన్ వర్తించాలంటే సాధారణంగా బిల్లు ఫలానా మొత్తం దాటాలి. అది దాటించడానికి అవసరం లేని కూల్‌డ్రింకో, మరో వంటకమో తెప్పించుకుంటాం కాబట్టి, ఎంత తగ్గిందని కాక చివరికి చేతినుంచి ఎంత పోయిందని చూడమని మీవారికి చెప్పండి. నెలలో రెండుసార్లు చెయిన్ రెస్టారెంటుకు బదులు మెస్సుకు వెళ్లినా 1,480 రూపాయలు మిగులుతాయి. పిల్లలు పుట్టినరోజుకు పిజ్జా అడిగితే మాత్రం కాదనకండి.

పన్ను సంగతి కొంత వివరంగా చెప్పాలి. మామూలు రెస్టారెంటు బిల్లుపై జీఎస్టీ 5 శాతం. ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపే ఉండి రిజిస్ట్రేషన్ తీసుకోని చిన్న హోటల్ గానీ, కోటిన్నర లోపు టర్నోవర్‌తో కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు తమ అమ్మకాలపై నిర్ణీత శాతం పన్ను తామే కట్టే పద్ధతి) ఉన్న హోటల్ గానీ మీ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు. అయితే రిజిస్ట్రేషన్ లేని హోటల్ వంటనే ఫుడ్ డెలివరీ యాప్‌లో తెప్పించుకుంటే, 2022 జనవరి 1 నుంచి ఆ పన్నును యాప్ సంస్థే కట్టాలి కనుక అది మీ బిల్లులోకి వస్తుంది. దానికి డెలివరీ రుసుము తోడవుతుంది. హోటల్‌కు వెళ్లవలసిన సొమ్ములో కొంత కమీషన్‌గా పోతుంది. ఊరి హోటల్‌కు మేలు జరగాలన్నదే మీ ఉద్దేశమైతే, ఫోన్ చేసి చెప్పి, మీరే వెళ్లి పార్శిల్ తెచ్చుకుని, యూపీఐతో నేరుగా చెల్లించండి.

ఎక్కడ తిన్నా సర్వీస్ చార్జీని మీ ఇష్టంతో నిమిత్తం లేకుండా బిల్లులో కలపకూడదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన ఈ మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. తీసివేయమన్నా వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ఇక టికెట్లు. మూడు నెలల సొమ్ము ముందే ఇవ్వడమంటే హామీ లేకుండా అప్పు ఇవ్వడమే. యజమాని ఎంత మంచివారైనా, అద్దె పెరిగో వంటమనిషి మానేసో మెస్ మూతపడితే ఆ టికెట్లకు విలువ ఉండదు. పైగా కొన్నాం కదా అని ఇంట్లో వండుకోగలిగిన రోజు కూడా అక్కడే తింటారు. ఒక నెలకు సరిపడా మాత్రమే కొనండి, దానికి ఐదు శాతం తగ్గించినా చాలు. మిగిలే సొమ్ములో 1,400 రూపాయలను జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి.